కలలు వెదజల్లిన తెల్ల పెట్టె

2001 జనవరి 31న జపాన్ గేమ్ సంస్థ సెగా చేసిన ప్రకటనలో కన్నీటి మాట ఒక్కటీ లేదు. డ్రీమ్‌కాస్ట్ అనే తెల్ల పెట్టె తయారీ మార్చి 31తో ఆగిపోతుంది. సెగా ఇక గేమ్ యంత్రాలు చేయదు. ఇతరుల యంత్రాల మీద ఆడుకునే గేములు మాత్రం చేస్తుంది. సారాంశం అంతే. అమెరికాలో ఆ పెట్టెకు అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. అది వచ్చిన అట్టపెట్టెలు కొన్ని ఇళ్లలో ఇంకా అటక కూడా ఎక్కి ఉండవు.

చివర ఏమవుతుందో ముందే చెప్పేశాను. ఈ కథను ఎప్పుడు తలచుకున్నా చివరి నుంచే తలచుకోవాల్సి వస్తుంది. పందిట్లో బాజాలు మోగుతున్నప్పుడూ, పిల్లలు కేరింతలు కొడుతున్నప్పుడూ ఆ జనవరి తేదీ ఓ మూల ఒద్దికగా కూర్చుని కనిపిస్తూనే ఉంటుంది.

వీడియో గేములంటే ప్రాణం పెట్టేవాళ్లు నలుగురు చేరితే మాటలు ప్రాసెసర్లతో మొదలై, ఎవరికిష్టమైన గేముల మీదుగా నడిచి, ఎప్పుడో ఒకప్పుడు ఈ పెట్టె దగ్గరికొచ్చి ఆగుతాయి. డీవీడీ ఆడేలా చేసి ఉంటే బతికేదంటారు ఒకరు. కాపీ డిస్కులే కొంప ముంచాయంటారు ఇంకొకరు. జపాన్ పెద్దలకూ అమెరికా పెద్దలకూ పొసగకనే పోయిందంటారు మరొకరు. గొంతులు లేస్తాయి. పాతికేళ్లు గడిచినా తీర్పు రాదు. కర్ణుడి చావుకు కారణాలనేకం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ వాదనలు వింటున్నప్పుడల్లా నాకు చావింటి మాటలు గుర్తొస్తాయి. ఆస్పత్రికి ఒక్క పూట ముందు తీసుకెళ్లి ఉంటే, ఆ రోజు ఆ ప్రయాణం మానుకుని ఉంటే అని బంధువులు అరుగు మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకునే మాటలు.

కర్ణుడికి తగిలిన శాపాలన్నీ యుద్ధానికి చాలా ముందువి. కురుక్షేత్రంలో అవి పండాయి, అంతే. ఈ తెల్ల పెట్టె పుట్టకముందే దాని నెత్తిన పడ్డ శాపాలను కూడా అలాగే, మొదటి నుంచి ఒక్కొక్కటిగా చెప్పుకోవాలి.

సెగా ఇంటి యంత్రాల కథ మొదలైందే ఒక నీడలో. 1983 జులై 15న దాని మొదటి యంత్రం ఎస్‌జీ-1000 జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. సరిగ్గా అదే రోజు నింటెండో తన ఫామికామ్‌ను తెచ్చింది. ఊరంతా ఆ ఇంటికే వెళ్లింది. అయినా సెగా కుంగిపోలేదు. 1988లో మెగా డ్రైవ్ చేసింది. 1991లో సోనిక్ అనే నీలిరంగు ముళ్లపంది పుట్టింది. టామ్ కాలిన్‌స్కీ సారథ్యంలో అమెరికాలో సెగా కొంతకాలం నింటెండోకు దీటుగా నిలిచింది, కొన్నాళ్లు దాన్ని దాటింది కూడా. బడి వదిలాక పిల్లలు రెండు జట్లుగా విడిపోయి ఏది గొప్పో తేల్చుకుందామని తగువులాడుకున్న రోజులవి. ఓడినా గెలిచినా సాయంత్రానికి అందరూ ఒకే టీవీ ముందు చేరిన రోజులు.

ఆ వెలుగులోనే మొదటి శాపం తగిలింది. సెగా తనను నమ్మినవాళ్ల చేత ఒకదాని మీద ఒకటి కొనిపించింది. మెగా డ్రైవ్‌కు తగిలించే సీడీ యంత్రం వచ్చింది. ఆ తర్వాత 1994 నవంబర్‌లో 32ఎక్స్ అనే తగిలింపు అమెరికాలో దాదాపు 160 డాలర్లకు వచ్చింది. అదే వారంలో జపాన్‌లో సాటర్న్ అనే సరికొత్త యంత్రం విడుదలైంది. అంటే 32ఎక్స్ కొన్న పిల్లవాడు దాన్ని విప్పి బిగించుకునేలోపే అది పాతబడిపోయింది. ఏడాది తిరగకముందే సెగా దాన్ని గాలికొదిలేసింది. ఆ పిల్లవాడు మళ్లీ ఇంట్లో నోరు తెరిచి డబ్బులడగాలి. ఈసారి నాన్న ఏమంటాడో వాడికి తెలుసు.

తెరిచి ఉన్న తలుపులు కూడా ఉన్నాయి. సోనీతో కలిసి ఒకే యంత్రం చేసే ఆలోచన అప్పట్లో నడిచిందని, టోక్యోలోని సెగా పెద్దలు కాదన్నారని కాలిన్‌స్కీ తర్వాతి రోజుల్లో చెప్పారు. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ ఒక చిప్ పట్టుకుని వస్తే దాన్నీ వద్దన్నారని చెప్పారు. ఆ చిప్ నింటెండో ఇంటికి వెళ్లి నింటెండో 64 గుండె అయింది. సోనీ ఒంటరిగా వెళ్లి ప్లేస్టేషన్ చేసింది. ఒకే గుమ్మం ముందు నుంచి ఇద్దరు అతిథులు తిరిగి వెళ్లారు. ఇద్దరూ ఆ తర్వాత ఎదుటి పక్షంలో కనిపించారు.

1995 మే 11. లాస్ ఏంజెలెస్‌లో మొట్టమొదటి ఈ-3 గేముల ప్రదర్శన. సాటర్న్ సెప్టెంబర్ 2న వస్తుందని అమెరికా అంతా అనుకుంటోంది. వేదికెక్కిన కాలిన్‌స్కీ ఆ యంత్రం ఇప్పటికే కొన్ని దుకాణాలకు చేరిందని, ఈ రోజే కొనుక్కోవచ్చని, ధర 399 డాలర్లని ప్రకటించారు. టోక్యో ఒత్తిడి మీద జరిగిన పని అది. కాసేపటికి సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదిక మీదకు వచ్చి, 299 అని ఒక్క అంకె పలికి దిగిపోయారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

కానీ అసలు దెబ్బ ఆ వంద డాలర్ల తేడా కన్నా లోతుగా దిగింది. సరుకు అందని దుకాణాలవాళ్లు తమను పిలవకుండా జరిగిన పెళ్లిగా దాన్ని చూశారు. కేబీ టాయ్స్ సెగా సరుకే అమ్మబోమంది. సెప్టెంబర్ కోసం గేములు సిద్ధం చేసుకుంటున్న సంస్థలు మేలో ఖాళీ చేతులతో నిలబడ్డాయి. పైగా సాటర్న్ లోపల రెండు ప్రాసెసర్లు. రెండింటి చేతా ఒక్క తాళానికి పని చేయించడం చేయి తిరిగిన ప్రోగ్రామర్లకే తలనొప్పిగా ఉండేది. నాలుగు నెలలు ఓపిక పట్టి ఉంటే ఎలా ఉండేదో! ఆ నాలుగు నెలల దగ్గరే వాదించుకునేవాళ్ల గొంతులు ఇప్పటికీ బొంగురుపోతాయి.

1997లో మరో మాట జారింది. సెగా అమెరికా బాధ్యతలు తీసుకున్న బెర్నీ స్టోలార్ సాటర్న్ తమ భవిష్యత్తు కాదని బహిరంగంగా అన్నారు. నిజమే కావచ్చు. అయినా ఇంకా ఊపిరి ఉన్న మనిషి మంచం పక్కన అనకూడని నిజాలు కొన్ని ఉంటాయి. సాటర్న్ కొన్నవాళ్లు ఆ మాట విన్నారు. 32ఎక్స్ కొన్నవాళ్లు రెండోసారి విన్నారు.

ఈ శిథిలాల మధ్యనే, వింతగా, ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత ప్రేమగా ఒక బిడ్డను కనాలనుకున్నారు. హోండాలో రేసు బండ్ల ఇంజన్లు చేసి వచ్చిన ఇరిమజిరి షోఇచిరో సెగాలో పగ్గాలు పట్టారు. కొత్త యంత్రం కోసం రెండు బృందాలు పోటీపడ్డాయి. అమెరికాలోని బృందం త్రీడీఎఫ్‌ఎక్స్ చిప్ మీద, జపాన్‌లో సాతో హిదేకి బృందం హిటాచీ ప్రాసెసర్, పవర్‌వీఆర్ చిప్ మీద నమ్మకం పెట్టుకున్నాయి. 1997లో షేర్ల అమ్మకానికి వెళ్లిన త్రీడీఎఫ్‌ఎక్స్ తన పత్రాల్లో సెగాతో ఒప్పందాన్ని బయటపెట్టింది. చివరికి సెగా జపాన్ బృందం నమూనానే ఎంచుకుంది. త్రీడీఎఫ్‌ఎక్స్ కోర్టుకెక్కింది, రాజీ కుదిరింది. క్రీడల గేముల్లో అమెరికాను ఏలుతున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ మాత్రం ఈ యంత్రానికి ఒక్క గేమూ ఇవ్వలేదు. ఆదివారం ఫుట్‌బాల్ చూసే ఇళ్లలో ఆ లోటు చాలా పెద్దది.

అయినా ఆ పెట్టె ఎంత అందంగా పుట్టిందో! కల అనే మాటనూ ప్రసారం అనే మాటనూ కలిపి దానికి పేరు పెట్టారు. తెల్లటి చిన్న పెట్టె, మూత మీద సుడి తిరిగిన గుర్తు. 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 మెగాబైట్ల మెమరీ. ఈ రోజు ఫోన్‌లో తీసిన నాలుగైదు ఫొటోలతో నిండిపోయే జాగా అది. ఆ కాస్త జాగాలోనే వాళ్లు ఊళ్లు కట్టారు. మీట నొక్కగానే వినిపించే ఆ చిన్న స్వరాన్ని కూర్చింది సకమొతో ర్యుఇచి. చేతిలోని కంట్రోలర్‌లో దూర్చే మెమరీ కార్డుకు సొంతంగా బుల్లి తెర ఉండేది. దాన్ని పీకి జేబులో వేసుకుని, గేములో పెంచుకున్న ప్రాణిని పిల్లలు బడికి తీసుకెళ్లొచ్చు. ఒక్కో యంత్రానికీ 15 డాలర్లు అదనపు ఖర్చవుతుందని సిబ్బంది అడ్డుచెప్పినా, ఛైర్మన్ ఒకావా ఇసావో ప్రతి పెట్టెలోనూ మోడెమ్ పెట్టించారు. పిల్లలు ఇంట్లో కూర్చునే ప్రపంచంతో ఆడుకోవాలన్నది ఆ పెద్దాయన కల.

1998 నవంబర్ 27న జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ విడుదలైంది. అంతకుముందే టీవీలో ఒక ప్రకటన వచ్చింది. వీధిలో పిల్లలు సెగా కన్నా ప్లేస్టేషన్ బాగుంటుందని చెప్పుకుంటారు, పక్కనే ఉన్న యుకవ హిదెకాజు ఆ మాట విని కుంగిపోతారు. ఆయన నటుడు కారు, నిజంగానే సెగా ఉన్నతాధికారి. ఒక సంస్థ తన ఓటమిని అంత నిజాయితీగా ఒప్పుకుని మళ్లీ గుమ్మం తట్టడం అరుదు. జనం మెత్తబడ్డారు, తలుపు తీశారు. తీరా చూస్తే ఇవ్వడానికి సరుకు లేదు. పవర్‌వీఆర్ చిప్‌ల తయారీలో ఇబ్బందులొచ్చి, చేతికొచ్చిన యంత్రాలు తొలిరోజే అయిపోయాయి. సరుకుంటే ఇంకో రెండు మూడు లక్షలు అమ్ముడయ్యేవని ఇరిమజిరి తర్వాత అన్నారు. సోనిక్ కూడా తొలిరోజుకు అందలేదు. డిసెంబర్ 23న వచ్చాడు. బంతి వడ్డించే వేళకు వంట పూర్తికాలేదు. వచ్చినవాళ్లు మర్యాదగా లేచి వెళ్లిపోయారు.

1999 మార్చి 2న సోనీ తన తర్వాతి యంత్రం గురించి ప్రపంచానికి చెప్పింది. అప్పటికి అది ఎవరి చేతికీ రాలేదు, ఇంకా ఏడాది ఆగాలి. అయినా డ్రీమ్‌కాస్ట్ కొందామని జేబులో చేయి పెట్టినవాళ్లలో ఎంతోమంది చేయి వెనక్కి తీసుకున్నారు. ఇక్కడే నాకు గుండె పట్టేస్తుంది. కళ్ల ముందున్న యంత్రం కన్నా ఇంకా రాని యంత్రం మీదే జనానికి ఎక్కువ నమ్మకం. 32ఎక్స్ నాడు, సాటర్న్ నాడు సెగా ఖర్చు చేసేసిన నమ్మకం అది. మంచి యంత్రాన్ని రెండేళ్లలో చేయవచ్చు. పోయిన నమ్మకాన్ని ఏ కర్మాగారంలో చేస్తారు?

అయినా ఒక్క పండగ జరిగింది. దాన్ని తనివితీరా చెప్పుకుందాం. 1999 సెప్టెంబర్ 9. తొమ్మిది, తొమ్మిది, తొంభై తొమ్మిది. సరిగ్గా నాలుగేళ్ల కిందట, అదే సెప్టెంబర్ 9న, అమెరికాలో ప్లేస్టేషన్ అడుగుపెట్టి సెగాను కూలదోసింది. ఆ తేదీనే ఇప్పుడు సెగా తన తేదీ చేసుకుంది. ధర 199 డాలర్లు. 24 గంటల్లో 2,25,132 యంత్రాలు అమ్ముడయ్యాయి. 9.84 కోట్ల డాలర్లు వచ్చాయి. సోల్‌క్యాలిబర్ అనే గేమ్ చూసినవాళ్లు నోరు తెరిచారు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంలో కన్నా ఇంట్లో టీవీ మీద అది అందంగా ఉంది. ఆ విడుదలకు పథకమంతా వేసిన స్టోలార్ ఆ రోజు ఆ పందిట్లో లేరు. కొద్ది వారాల ముందే ఆయన్ను తొలగించారు. పండగ బాధ్యత పీటర్ మూర్ భుజాన పడింది. గెలిచిన ఆ ఒక్క రోజు కూడా ఆ ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆ తర్వాతి పదహారు నెలల్లో ఆ పెట్టె మీద పూసినన్ని పూలు అంత తక్కువ కాలంలో ఇంకెక్కడా పూయలేదని దాన్ని ప్రేమించినవాళ్లు అంటారు. టోక్యో వీధుల్లో చక్రాల బూట్లతో దూసుకుపోతూ గోడలకు రంగులేసే కుర్రాళ్ల జెట్ సెట్ రేడియో. సుజుకీ యూ చేసిన షెన్మూ మరీ వేరు. తండ్రిని చంపినవాణ్ని వెతికే ఒక కుర్రవాడు, 1986 నాటి యొకొసుకా పట్నం. ఆ పట్నంలో వాడి ఇంటి సొరుగులు లాగి చూడవచ్చు, దిక్కులేని పిల్లిపిల్లకు పాలు పట్టవచ్చు. అప్పటికి అంత ఖర్చుతో ఎవరూ గేమ్ చేయలేదు. ఆ కుర్రవాడి కథ ఇప్పటికీ పూర్తికాలేదు. రెండో భాగం 2001లో వస్తే, మూడోది అభిమానులే చందాలు వేసుకోగా 2019లో వచ్చింది. అప్పటికీ వాడు దారిలోనే ఉన్నాడు.

2000 డిసెంబర్‌లో జపాన్‌లో ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ వచ్చింది. భాష తెలియనివాళ్లు కూడా పలకరించుకోవడానికి అందులో ఒక ఏర్పాటు చేశారు. జపాన్ పిల్లవాడు తన భాషలో ఒక మాట ఎంచుకుంటే అమెరికాలోని పిల్లవాడికి అది ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. ముఖాలు తెలియని నలుగురు, నలుగురికీ తెలియని ఒక గ్రహం మీద, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నారు. ఒకావా మోడెమ్ కోసం పట్టుబట్టింది ఈ రోజు కోసమే. అది వచ్చేసరికి సెగాకు మిగిలింది నలభై రోజులు.

ఈలోగా కిందినుంచి నేల కరిగిపోతోంది. 2000 నడిమికల్లా ఒక బూట్ డిస్క్ చేతులు మారింది. యంత్రాన్ని విప్పకుండా, ఏ చిప్పూ అతికించకుండా కాపీ గేములు ఆడుకునే దారి తెరుచుకుంది. పాట, బొమ్మలు కలిసిన డిస్కుల కోసం సెగాయే మంచి మనసుతో వదిలిన కిటికీలోంచి దొంగలు దూరారు. మార్చిలో జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 2 మొదటి రెండు రోజుల్లోనే పది లక్షలకు చేరువైంది. అది డీవీడీలు కూడా ఆడేది. పిల్లలకు గేములు, పెద్దలకు సినిమాలు. నాన్నను ఒప్పించడానికి పిల్లల చేతిలో అంతకన్నా పెద్ద సాకు ఏముంటుంది?

ఇంకొక్క తలుపు తెరుచుకుంది, చివరిది. ఆ అక్టోబర్‌లో అమెరికాలో ప్లేస్టేషన్ 2 పది లక్షలు వస్తాయనుకుంటే అయిదు లక్షలే వచ్చాయి. దుకాణాల ముందు పడిగాపులు, ఖాళీ అరలు. పక్క అరలోనే డ్రీమ్‌కాస్ట్ నిండుగా ఉంది. అప్పటికే ధర 149 డాలర్లకు దిగింది. అటు తిరుగుతారేమోనని సెగా కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూసింది. జనం తిరగలేదు. కొందరు ఆగారు. కొందరు సోనీ పాత ప్లేస్టేషన్‌నే, చిన్నదిగా చేసి అమ్మితే, అదే కొనుక్కున్నారు. ఏడాది చివరికి అమెరికాలో 50 లక్షలు అమ్మితే నిలబడతామని మూర్ లెక్క. దాదాపు 30 లక్షల దగ్గర ఆ లెక్క ఆగిపోయింది.

ఇక ఒకావా సంగతి. 1999లోనే ఆయన సొంత డబ్బు 50 కోట్ల డాలర్లు సెగాకు అప్పిచ్చారు. యంత్రాల వ్యాపారం మానుకోవడమే మంచిదని చాలాకాలంగా అంటూ వచ్చిన మనిషి కూడా ఆయనే. నమ్మకం లేని యుద్ధానికి తన కవచం తానే కోసి ఇచ్చారు. 2001 మొదట్లో, జబ్బు మీద ఉండి, సెగా తనకు బాకీ ఉన్నదంతా రద్దు చేశారు. తన షేర్లు తిరిగి ఇచ్చేశారు. ఆ షేర్ల విలువే 69.5 కోట్ల డాలర్లు. ఆ డబ్బుతోనే సెగా పేరు ఈ రోజుకీ బతికుంది. మార్చి 16న, 74 ఏళ్ల వయసులో, ఒకావా కన్నుమూశారు. ఆయన మోడెమ్ పెట్టించిన యంత్రం అధికారికంగా ఆగిపోయింది మరో పదిహేను రోజులకు.

మొత్తం 91.3 లక్షల యంత్రాలు. మిగిలిపోయిన సరుకు 99 డాలర్లకు, ఆ తర్వాత ఇంకా తక్కువకు పోయింది. చిట్టచివరి డ్రీమ్‌కాస్ట్ మీద సెగాలోని తొమ్మిది గేమ్ స్టూడియోల పెద్దలు సంతకాలు చేశారు. 55 గేములతో కలిపి దాన్ని ఒక పత్రిక పాఠకుల పోటీలో బహుమతిగా ఇచ్చారు. అప్పగింతల వేళ బిడ్డ చీర కొంగులో అందరూ తలా ఒకటి కట్టినట్టు. అదే ఏడాది డిసెంబర్‌లో సోనిక్ నింటెండో యంత్రం మీద పరుగు తీశాడు. బడి దగ్గర రెండు జట్లుగా కొట్టుకున్న పిల్లలు అప్పటికి పెద్దవాళ్లయ్యారు. గెలిచిన జట్టువాళ్లు కూడా ఆ రోజు కేకలు వేయలేకపోయి ఉంటారు.

కాబట్టి నలుగురు కూర్చుని కారణాలు తవ్వుకుంటున్నప్పుడు నేను ఎవరి పక్షమూ పట్టను. అందరూ చెప్పేది నిజమే. డీవీడీ నిజం, చిప్‌ల కొరత నిజం, కాపీ డిస్కులు నిజం. వాటన్నిటి అడుగునా 32ఎక్స్ అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లవాడు కనిపిస్తాడు. వాడు ఎవరినీ తిట్టలేదు, శపించలేదు. తర్వాతిసారి అడగడం మానేశాడు. అంతే.

ఆ యంత్రాలు కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. మీట నొక్కితే, కంట్రోలర్‌లోని మెమరీ కార్డు బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది కనుక, ముందుగా సన్నగా ఒక మూలుగు వినిపిస్తుంది. తర్వాత సకమొతో స్వరం. తెర మీద సుడి తిరుగుతుంది. లోపలి గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు ఆ పెట్టె ఈ రోజు తేదీ ఏమిటో చెప్పమని అడుగుతుంది. అడుగుతూ, తనకు తెలిసిన తేదీ ఒకటి తెర మీద చూపిస్తుంది. 1998 నవంబర్ 27.

తాను పుట్టిన రోజు. దానికి ఇంకేమీ జరగలేదు. సోనీ యంత్రం రాలేదు, ఒకావా బతికే ఉన్నారు, దుకాణం ముందు చలిలో జనం వరుస కట్టి ఉన్నారు. సరైన తేదీ ఏమిటో మనకు తెలుసు. అయినా ఆ అంకెలు మార్చబోయిన వేలు, ఒక్క క్షణం, మీట మీదే ఆగిపోతుంది.